పెట్టెనుండి గోడకు

నేడు హైదరాబాదులోని చందానగరున ముంబయి రహదారి కిరుప్రక్కల లేచిన బహుళాంతస్తుల భవనములలో ఏ ఇంటి తలుపు తట్టినను, హాలులో టీవీకి ప్రక్కగానో పైగానో ఒక అద్దాల అర, అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడత, ఆఫీసువారిచ్చిన స్ఫటికపు జ్ఞాపిక, శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన బొమ్మగల అయస్కాంతపు బిళ్ల, పసివాని తొలి పాదముద్ర, ఇవన్నియు ఒకే దీపపు వెలుగున, ఏడాది పొడుగున, వచ్చినవారందరికిని కనబడుచుండును. ఇది తాతముత్తాతల నాటి ఆచారమని ఆ ఇంటివారు తలచినను తలపవచ్చును గాని, తెలుగువారి యింట చిన్నచిన్న జ్ఞాపకవస్తువులను నిత్యము గోడ కెక్కించి చూపుట మిక్కిలి క్రొత్త సంగతి. ఉదారముగా లెక్కించినను నూరు నూటయిరువది యేండ్లకు మించదు. అంతకు పూర్వము వస్తువులు లేకపోలేదు, వానిమీద మమకారమును తక్కువ కాదు. అవి దాగు చోటు వేరు, వానిని చూపు వేళ వేరు.

పాతకాలపు మండువా లోగిలిని గాని, పూరింటిని గాని తలచుకొనుడు. గోడ మట్టితో పెట్టినది, లేదా సున్నముతో మెత్తినది. ఏటేట సంక్రాంతికి ముందు వెల్లవేయుట తప్పదు. వంటపొయ్యి పొగ దూలములదాక ప్రాకును. వర్షాకాలమున అడుగునుండి చెమ్మ ఎక్కును, చెమ్మతోపాటు చెదయు ఎక్కును. అట్టి గోడను ఇల్లాలు జాజుతోను ముగ్గుతోను పసుపుకుంకుమలతోను తీర్చిదిద్దెనే గాని, దానికి వస్తువులను తగిలింపలేదు. గోడలో వదలిన గూడు దీపమునకు. గోడకు దిగవేసిన చిలుకకొయ్య ఉత్తరీయమునకును గొడుగునకును. కాశినుండి వచ్చిన మూత బిగించిన గంగచెంబు, రామేశ్వరపు శంఖము, తిరుపతిలో కొన్న మరపాచి బొమ్మల జంట, తాత వాడి విడిచిన గంటము, పుట్టింటివారిచ్చిన వెండి కుంకుమభరిణె, ఇవన్నియు భోషాణములోనో కావడిపెట్టెలోనో పాతచీరల పేలికలలో చుట్టబడి, నడుమ ఎండు వేపాకు చల్లబడి, చీకటిలో ఉండెడివి. ఆ పెట్టె తాళపుచెవి ఇల్లాలి బొడ్డున వ్రేలాడెడిది.

ఆ పెట్టె తెరచు వేళయే బొమ్మలకొలువు. కోస్తా జిల్లాలలో పెక్కిండ్ల అది సంక్రాంతి పండుగనాళ్లకు; మరికొన్ని ఇండ్లలో, అందును తమిళ కన్నడ దేశములకు చేరువనున్న తావులలో, దసరా నవరాత్రులకు. మెట్లు మూడో అయిదో ఏడో, బేసిగా ఉండవలెను. ఆ మెట్లకై వడ్రంగిని పిలిచినవారు తక్కువ. ఖాళీయైన పెట్టెలు, బియ్యపుడబ్బాలు, పీటలు, బల్లచెక్కలు ఒకదానిమీద నొకటి పేర్చి, పైన ఉతికిన తెల్లపంచె పరచినచో మెట్లు సిద్ధము. ఏడాది పొడుగున బొమ్మలను కడుపులో దాచిన పెట్టెయే ఆ కొలది దినములు వానిని నెత్తిన మోయును. పైమెట్టున దేవతలు, దశావతారములు; నడుమ రాజులు, పెండ్లివారు, మేళగాండ్రు; దిగువను తాటిచెట్టెక్కు గీతకార్మికుడు, ఎడ్లబండి, కూరలమ్ము ముసలమ్మ. అన్నిటికిని క్రింద నేలమీద ఇసుక పోసి, వారము దినములకు ముందుగా ఆవాలో మెంతులో చల్లి మొలిపించిన పచ్చిక. ఆ పచ్చిక నడుమ చేతి అద్దము నొకదానిని వెల్లకిల వేసినచో చెరువు. ఆ చెరువులో పింగాణీ బాతులు.

ఇట్లు వర్ణించినపుడు అది కేవలము బొమ్మల వరుసవలె తోచును గాని, కొలువు తీర్చిన ఇండ్లను ఎరిగినవారికి వేరొక సంగతి తెలియును. ప్రతియేటను కొలువున కొక క్రొత్తబొమ్మయైనను చేరవలెనని నియమము. అందువలన అది వంశపు చిట్టా అయ్యెను. ఈ మట్టి శివుడు పెండ్లియైన మరుసటియేడు ఏలూరి సంతలో కొన్నది. ఈ జపాను పింగాణీ పిల్ల మేనమామ రంగూనునుండి తెచ్చినది. ఈ చేయివిరిగిన కృష్ణుని విరుగగొట్టినవాడు ఇప్పుడు తహసీల్దారు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలు హారతిపాట పాడి, తాంబూలమును శనగలను కొంగున మూటగట్టుకొని వెంటనే లేచిపోవరు గదా. ఒక్కొక్కబొమ్మను చూపుచు అది ఎవరిది, ఎప్పటిది, ఎట్లు వచ్చినదని అడుగుచుందురు. ప్రదర్శనశాలలో వస్తువు ప్రక్కన చీటీ ఉండును. కొలువులో ఆ చీటీ ఇల్లాలి నోట నుండెను. కడపటిరాత్రి ఒక బొమ్మను పరుండబెట్టి కొలువు చాలించి, మరునాడు అన్నిటిని తిరిగి పేలికలలో చుట్టెదరు. పిల్లలు ఏడ్చినను ఆగదు. జపాను దేశమున మార్చి 3వ తేదీని ఆడపిల్లల కొరకు జరుపు హినమత్సురి పండుగలోను ఎర్రగుడ్డ పరచిన మెట్లమీద రాజదంపతుల బొమ్మలను, వారి పరివారమును తీర్చుదురు; పండుగ గడచిన పిదప బొమ్మలను సర్దుటకు జాగుచేసినచో ఆ ఇంటి పిల్లకు పెండ్లి ఆలస్యమగునని అక్కడివారి నమ్మిక. రెండు దేశములవారును ఒకరి నొకరు చూచి నేర్చినది కాదు. అయినను చూపుట ఎంత ముఖ్యమో మరల మూయుటయు అంత ముఖ్యమని ఇరువురకును తోచినది.

ఆ కొలువులో తప్పక కానవచ్చు కొండపల్లి బొమ్మనే ఒకదానిని చేతిలోనికి తీసికొని చూడుడు. బరువుండదు, చుట్టుప్రక్కల కొండలలో పెరుగు తెల్లపొణికి కర్ర అంత తేలిక. ఏనుగు శరీరము వేరు, తొండము వేరు, అంబారీ వేరు, అందు కూర్చున్న దొర వేరుగా చెక్కి, చింతగింజల పొడిని కర్రపొట్టును కలిపి నూరిన మక్కుతో అతుకుదురు. అతుకు కనబడకుండ మక్కుతోనే మెత్తి నునుపు చేసి, సున్నపుపూత పూసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. కన్ను కడపట తీర్చుట. రాజస్థానమునుండి వలసవచ్చితిమని చెప్పుకొను ఆర్యక్షత్రియుల కుటుంబములు ఈ పనిని తరతరములుగా చేయుచున్నవి. బొమ్మ అడుగున చూచినచో రంగులేని కర్ర కనబడును. మెట్టుమీద నిలుచు బొమ్మకు అడుగు ఎవరు చూతురు? ఆ శిల్పి ఈ బొమ్మను ముందునుండియు కొంచెము పైనుండియు చూచు పేరంటాండ్ర కొరకు చేసెను గాని, కంటికి సమముగా నిలుచు అద్దాల అర కొరకు చేయలేదు. నేటి అరలో ఆ ఏనుగు కొంచెము వెలితిగా తోచుటకు కారణము ఇదియే యని నా అభిప్రాయము.

ఇక గోడ సంగతి. గోడమీదికి తొలుత ఎక్కినది దేవుడు. రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించి, జర్మను నిపుణుల సాయమున తన లక్ష్మీసరస్వతులను రంగులలో అచ్చొత్తించినపుడు, అదివరకు గుడిలోనో పూజాపీఠముమీదనో తప్ప కానరాని దేవతారూపము కాగితమై, చవకయై, మారుమూల గ్రామమునకును చేరెను. కాగితమునకు చెద భయము, పొగ భయము, చెమ్మ భయము. కనుక దానికి అద్దము, చట్రము తప్పనిసరి అయ్యెను. పటము కట్టించుట యను వృత్తి మన పట్టణములలో వేళ్లూనినది ఇందువలననే. కొందరు ఇల్లాండ్రు ఆ అచ్చుబొమ్మ చీరమీద నిజమైన జరీముక్కలను, చెమ్కీలను, చిన్న ముత్యములను అతికించి అద్దము వేయించిరి. అచ్చుయంత్రమునుండి వేల ప్రతులుగా వచ్చిన లక్ష్మి ఆ విధముగా వారి యింటి లక్ష్మి మాత్రమే అయ్యెను.

దేవుని తరువాత ఎక్కినవారు గతించిన పెద్దలు. ఛాయాచిత్రకళకు మన ప్రాంతమున రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పక తీరదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున చేరి, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పిన ఈయన 1892లో హైదరాబాదునందు పరదా పాటించు స్త్రీల కొరకు ప్రత్యేకముగా మరొక చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత నిర్వహణమున నుంచెను. అయితే అది దొరల, జాగీర్దార్ల వైభవము. సామాన్యుని ఇంట ఛాయాచిత్రము చాలకాలము భయకారణముగా నుండెను. బొమ్మ తీయించుకొన్నచో ఆయువు తగ్గునని వెరచినవారు బ్రతికినన్నాళ్లు కెమెరాకు దూరముగా నుండి, చివరికి ఒక్క పటముతో గోడమీద నిలిచిరి. ఆ పటములను మేకుకు త్రాడు కట్టి పైభాగము ముందునకు వ్రాలునట్లు వ్రేలాడదీసెడివారు, నేలమీద చాపవేసి కూర్చున్నవానికి కనబడుటకు. పటమునకు గోడకు నడుమ నేర్పడిన ఆ మూల పిచ్చుకకు చాలినంత ఇల్లు. తాతగారి పటము వెనుక గూడు కట్టిన పిచ్చుకలను తరుమవద్దని మందలించిన నాయనమ్మలు ఎందరో. నేటి పటములు గోడకు బల్లపరుపుగా అంటుకొనిపోవుటచే నగరమున పిచ్చుక కోల్పోయిన చోట్లలో ఇదియు నొకటి.

ఇట్లు దేవునికిని పితృదేవతలకును ఏర్పడిన చట్రములోనికి చిన్నచిన్న జ్ఞాపకములు మెల్లగా ప్రవేశించెను. బాలికాపాఠశాలలలో కుట్టుపని నేర్పసాగిన పిమ్మట పూసలతో కుట్టిన హంసల జంట, పట్టుదారముతో తీర్చిన నెమలి, గవ్వలతో అతికిన వినాయకుడు, వీనికన్నిటికిని అద్దము వచ్చెను. పెండ్లిచూపులకు వచ్చినవారికి పిల్ల పనితనము చూపుటకు ఆ పటము సాక్ష్యముగా నిలిచెను. మగవారి వంతు సన్మానపత్రము. ఇది మన తెలుగువారి విశిష్టసంప్రదాయమని చెప్పుటకు వెనుదీయను. అంచులకు తీగెలు పూవులు గల కాగితముమీద, సీసములోనో సమాసభూయిష్ఠమైన గద్యములోనో అభినందనలు అచ్చువేయించి, చట్రము కట్టించి, సభలో నిలువున చదివి వినిపించి, శాలువతో సహా చేతికిచ్చుట. పండితుడు దానిని వార్తాపత్రికలో చుట్టి, రైలుపెట్టెలో ఒడిలో పెట్టుకొని, అద్దము పగులకుండ ఇంటికి చేర్చుట వేరొక సన్మానము. కవుల ఇండ్లలో గోడలు చాలక ఇట్టి పటములు బీరువామీద దొంతరగా పడియుండుట నేటికిని చూడవచ్చును.

హైదరాబాదులో మాత్రము ఒక్క మనుష్యుడు వస్తువులను కూర్చి చూపు ఈ వ్యసనమును పరాకాష్ఠకు చేర్చెను. మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగు, 1912లో నిజాము ప్రధానమంత్రియై, 1914లో ఆ పదవిని విడిచి, తక్కిన ఆయువునంతయు వస్తుసేకరణమునకు వినియోగించెను. తాతయైన మొదటి సాలార్‌జంగు 1876లో రోము నగరమున కొన్న మేలిముసుగు రెబెకా పాలరాతి ప్రతిమ అప్పటికే ఆ ఇంట నుండెను. మనుమడు దానిప్రక్కను దంతపు పనులు, గడియారములు, కత్తులు, చేతికర్రలు, పింగాణీ, తాళపత్రములు, తుదకు పిల్లలాడు సీసపు సిపాయిలను గూడ చేర్చెను. ఆయన నివాసమైన దివాన్‌దేవిడీ యందలి గదులు చాలలేదు. నేడు ఆ సంగ్రహమున కళావస్తువులే సుమారు 43,000. ఆయన వివాహమాడలేదు. 1949 మార్చి 2వ తేదీని మరణించునప్పటికి ఇంత సామగ్రికి సంతానమను వారసులు లేరు. మన బొమ్మలపెట్టె తల్లినుండి కూతునకు తాళపుచెవి నందించిన మాత్రమున చేతులు మారుచుండగా, ఈ పెట్టె తాళపుచెవి నందుకొనుటకు ప్రభుత్వమే పూనుకొనవలసివచ్చెను. 1951 డిసెంబరు 16వ తేదీని నెహ్రూ దివాన్‌దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1961లో పార్లమెంటు శాసనముచే అది జాతీయప్రాముఖ్యముగల సంస్థయయ్యెను. 1968లో మూసీ యొడ్డున దారుల్‌షిఫాలోని నేటి భవనమునకు తరలెను. మధ్యాహ్నము పన్నెండుగంటలకు సంగీతపు గడియారములోని చిన్న మనిషి తలుపు తీసికొని వచ్చి గంట కొట్టుట చూచుటకు నేటికిని జనము కిక్కిరిసి కూర్చుందురు. ఆ వేళ అక్కడి పిల్లల ముఖములను చూచినచో, పెక్కు ఖండముల వస్తువులను ఒకే ఇంట కూర్చిన ఆ ఒంటరి నవాబు ఆశించినది పాండిత్యము కాదని నాకు తోచును.

చందానగరువైపు వచ్చినచో ఈ కథకు మధ్యతరగతి రూపము కనబడును. ఇది ఒకప్పుడు 1874నాటి నిజాము రైలుమార్గము ప్రక్కను పొలములు, చెరువులు, రాతిగుట్టలు గల ప్రాంతము. 1960వ దశాబ్దమున చేరువనే రామచంద్రాపురములో చెకొస్లొవేకియా సాంకేతికసహకారముతో భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసి, అది బి.హెచ్.ఇ.ఎల్. సంస్థకు చెందినదయ్యెను. కోస్తానుండియు రాయలసీమనుండియు తెలంగాణ జిల్లాలనుండియు వచ్చిన ఇంజనీర్లు, కార్మికులు ఒకే కొలతగల క్వార్టర్లలో కాపురముండిరి. ఈ క్వార్టరున మండువా లేదు, అటక లేదు, భోషాణము పట్టు గుమ్మము లేదు; సిమెంటు గోడ యున్నది, ఇనుపబీరువా యున్నది, వడ్రంగిచే చేయించిన షోకేసు ఉన్నది. ముందు రెండద్దముల తలుపులు జరుగునట్టి ఆ షోకేసులో, పొందికగా కుట్టిన తెల్లగుడ్డమీద, కొలువునుండి దిగివచ్చిన బొమ్మలు కొన్ని శాశ్వతముగా స్థిరపడెను. పైన నల్లని నేపథ్యముమీద బంగారుఛాయ లీను నిర్మల్ చిత్రము. దానిప్రక్కను కంపెనీవా రిచ్చిన సర్వీసు జ్ఞాపిక. షోకేసు తాళము ఇంటియజమాని చేతికి వచ్చినదనుటలో అతిశయోక్తి లేదు. అందు ఏ వస్తువు పైనుండవలెనో నిర్ణయించుటలో అతనికిని ఒక మాట దక్కెను.

1998 నవంబరు 22వ తేదీని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన పిమ్మట, 2003లో లింగంపల్లి దాక ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడచిన పిమ్మట, 2007లో శేరిలింగంపల్లి పురపాలకసంఘము హైదరాబాదు మహానగరమున కలిసిన పిమ్మట చందానగరు జనసంఖ్యయు అద్దెలును ఎట్లు పెరిగినవో చెప్పనక్కరలేదు. మన విషయమునకు ముఖ్యమైన మార్పు మరొకటి. సంక్రాంతి వచ్చినచో ఈ ప్రాంతము ఖాళీయగును. రైళ్లు, బస్సులు, కార్లు, అన్నియు కోస్తావైపు. పెట్టె తెరువవలసిన నాళ్లలో ఇంటికి తాళము. కొలువు తీర్చు పట్టుదలగలవారు దసరాకు దానిని జరుపుకొనిరి. మిగిలినవారు తీర్చుటయే మానిరి. ఏడాదికొకమారు తెరచు వేళ లేకపోయిన పిదప, వస్తువు ఎల్లవేళల కనబడుటయో, అసలు కనబడకపోవుటయో తప్ప వేరుదారి లేదు. అద్దాల అర ఇంతగా ప్రబలుటకు అలంకారకాంక్ష కంటె ఈ పంచాంగపు చిక్కే అధికకారణమని నేను తలచుచున్నాను.

పటములు కట్టు దుకాణములు ఈ రహదారి ప్రక్క సందులలోను ఉన్నవి. పనివాడు చట్రపు కర్రను నాలుగు మూలలందు 45 డిగ్రీల ఏటవాలున కోసి, జిగురు రాచి, వెనుకనుండి మడతపడిన చిన్న ఉక్కురేకును దిగవేసి మూలలను బిగించును. పూర్వము టేకుకర్ర, నేడు పెక్కు చట్రములు కర్రవలె కనబడు తేలికపాటి ప్లాస్టిక్కు. బొమ్మకు అద్దము తగులుచున్నదా లేదా యన్నది ఇందు గమనింపవలసిన సంగతి. ఛాయాచిత్రమును అద్దమునకు ఆనించి కట్టినచో, నాలుగు వర్షర్తువులు గడచునప్పటికి చెమ్మకు పైపూత మెత్తబడి అద్దమునకు అంటుకొనును. పిదప విడదీయబోయినచో ముఖమే ఊడివచ్చును. అందుకు నడుమ దళసరి అట్టను కిటికీవలె కోసి ఉంచుదురు. పతకములు, నాణెములు, పసివాని కంకణము, తల్లిదండ్రుల పెండ్లిశుభలేఖ మొదలగువానికి ఇంకను లోతైన పెట్టెచట్రము కావలెను. వస్తువును జిగురుతో అతికింపక, వెనుక గుడ్డ పరచిన అట్టకు సన్నని దారముతో కుట్టి నిలుపుట మేలు, మరల విప్పుకొనవలెనన్నపుడు వస్తువు చెడదు. పాశ్చాత్యదేశములలో సీసపు అక్షరముల అచ్చు అంతరించినపుడు, అక్షరములుంచు గళ్లపెట్టెలను గోడకు తగిలించి గడికొక చిన్నబొమ్మను నిలుపు వేడుక పుట్టినది. ఒత్తులు, గుణింతములు గల మన తెలుగు అక్షరపు పెట్టెలకు గళ్లు మరింత అధికము. బెజవాడ, తెనాలి ముద్రణాలయములవారు వానిని వంటచెరకు క్రింద పోనీయకుండిన ఎంత బాగుండెడిదో.

పెట్టెచట్రము బరువైనది. ఇక్కడ చందానగరు కాపురమునకు అసలు చిక్కు వచ్చును. క్రొత్తభవనముల గోడలు గట్టి కాంక్రీటు; మేకు దిగదు, డ్రిల్లు పెట్టవలెను; ఐ.టి. ఉద్యోగులలో పెక్కురు అద్దెకుండువారు, అద్దెపత్రములో గోడకు రంధ్రములు వేయరాదని తరచుగా షరతు. జిగురుకొక్కెములు అంటించినచో వానకాలపు చెమ్మకు అర్ధరాత్రి ఊడిపడును. కనుక వారు విదేశప్రయాణముల గుర్తులను అయస్కాంతపు బిళ్లలుగా కొని ఫ్రిజ్ తలుపునకు అంటించిరి. ఇల్లు మారినపుడు ఒక డబ్బాలో వేసికొని పోవచ్చును. అంతలో ఫ్రిజ్‌ల తలుపులకు గాజుపలకలు వచ్చెను. కొన్నిటిపై అయస్కాంతము నిలువదు. అట్టివారు పటముల దుకాణమునకు పోయి, చట్రము వెనుక అట్టకు మారుగా పలుచని ఇనుపరేకు వేయించుకొని, అద్దము లేకుండ, గోడకు తగిలింపక బల్లమీద ఆనించి నిలుపుకొనవచ్చును. రేకు తుప్పుపట్టకుండ ముందుగా రంగు వేయించుట మరువరాదు.